చీకటి సిగ్నలు

రైలు నడుపు ఉద్యోగమునకు శిక్షణ పొందుచున్న యువతీయువకులు చదువవలసిన సిగ్నలు పాఠములలో ఒక ప్రశ్న పైకి మిక్కిలి సులభముగా కనబడును. రాత్రివేళ బండి పోవుచున్నది. సిగ్నలు స్తంభము ఉండవలసినచోటనే యున్నది గాని దానిమీద దీపము వెలుగుటలేదు. ఏమి చేయవలెను?

ఆగుదునని చెప్పుట సగము జవాబే యగును. ఆ సిగ్నలు చూపగల ఆజ్ఞలలో మిక్కిలి కఠినమైనది ఏదో, అదియే కనబడినట్లు నడుచుకొనవలెనని భారత రైల్వేల సాధారణ నియమావళి చెప్పుచున్నది. స్టేషను ముంగిట నుండు హోమ్ సిగ్నలు ఆరియున్నచో దానిని ఎఱ్ఱదీపముగానే భావించి ఆగవలెను. అంతకు ముందుగా నుండు డిస్టెంటు సిగ్నలునకు ఎఱ్ఱదీపమే లేదు. దాని కఠినాజ్ఞ ఒంటి పసుపుదీపము. అనగా, తరువాతి సిగ్నలువద్ద ఆగుటకు సిద్ధపడి సాగుమని. కావున అది ఆరియున్నచోట ఆగుట కాదు, వేగము తగ్గించుకొనుట విధి. పడకబండిలో హాయిగా నిదురించు మనకు ఈ సూక్ష్మభేదములతో పనిలేదు. ఇంజనులో మేలుకొనియున్న ఇద్దరికి ఇవియే ప్రాణము.

ఈ నియమము మొదటినుండి ఉన్నది కాదు. ఇంగ్లండులో లివర్‌పూలు, మాంచెస్టరు నగరముల నడుమ 1830 సెప్టెంబరు 15న రైలుమార్గము ప్రారంభమైనపుడు దారిపొడవున సంజ్ఞలు చేయుటకు నిలిచినవి స్తంభములు కావు, మనుష్యులు. రైల్వే పోలీసులనబడు వీరు పగలు చేతులతోను జెండాలతోను, రాత్రి లాంతరులతోను బండ్లకు సైగ చేయుచుండిరి. ఒక బండి పోయిన పిమ్మట కొన్ని నిమిషములు గడచినచో రెండవదానిని వదలుట నాటి ఏర్పాటు. ముందుపోయిన బండి మలుపు అవతల చెడి నిలిచినదేమో ఎవ్వరికిని తెలియదు. గడియారము ముల్లు కదలినది గనుక దారి ఖాళీ అయినదని నమ్మిరి. వలదని చెప్పువాడు కనబడనిచో పోవచ్చునన్నది ఆనాటి భావము.

ఆ భావమే తరువాత వచ్చిన యంత్రములోనికిని ప్రవేశించెను. ఫ్రాన్సు దేశమున క్లాడ్ షాప్ అనునతడు 1790 దశకమున ఎత్తైన గోపురములమీద కదలెడి చేతులు నిలిపి, దూరమునకు వార్తలు పంపు విధానమును కల్పించెను. దానినుండి పుట్టినదే రైల్వే సెమాఫోరు. లండను సమీపమున న్యూక్రాస్ వద్ద 1841 ప్రాంతమున చార్లెస్ హట్టన్ గ్రెగరీ అను ఇంజనీరు దీనిని నెలకొల్పెను. చేయి అడ్డముగా చాచియున్నచో ఆగుము. ఏటవాలుగా నున్నచో జాగ్రత్త. మరి దారి నిరాటంకమైనచో? చేయి స్తంభములోని చీలికలోనికి పోయి పూర్తిగా దాగుకొనును! చేయి కనబడకపోవుటయే అనుమతి యన్నమాట. రాత్రి ఎఱ్ఱదీపము ఆగుమనియు, ఆకుపచ్చదీపము జాగ్రత్తయనియు, తెల్లదీపము పొమ్మనియు చెప్పుచుండెను. ఎఱ్ఱ అద్దము పగిలినచో వెనుకనున్న దీపము తెల్లగా వెలుగును. చేలనడుమ ఇంటిలోని దీపమును తెల్లగానే కనబడును. నాటివారు తెలివి తక్కువవారు కారు. అయినను ఇందలి అపాయము పూర్తిగా తెలియుటకు ఒక మంచు తుపాను రావలసివచ్చెను.

1876 జనవరి 21. లండనునుండి ఉత్తరమునకు పోవు ప్రధానమార్గమున ఆబట్స్ రిప్టన్ అనునది చిన్న స్టేషను. ఎడతెగని మంచు. ముందు ఒక బొగ్గుబండి మెల్లగా పోవుచుండెను. వెనుక స్కాట్లండునుండి వచ్చు ఎక్స్‌ప్రెస్సు. బొగ్గుబండిని పక్కదారికి మరలించుటకై సిగ్నలుమాన్లు ఎక్స్‌ప్రెస్సును ఆపదలచి, మీటలను అపాయస్థితికి త్రిప్పిరి. మీటలు తిరిగినవి గాని చేతులు లేవలేదు. స్తంభముల చీలికలలో మంచు గట్టిపడి చేతులను పట్టియుంచెను. తీగలమీద పేరిన మంచు వాటిని మరింత క్రిందికి లాగెను. దీపములు తెల్లగానే వెలుగుచుండెను. ఆ తెల్లదీపములను నమ్మి ఎక్స్‌ప్రెస్సు పూర్తివేగముతో వచ్చి బొగ్గుబండిని కొట్టెను. ఆ శిథిలములు దారిమీద పడియుండగనే, ఎదురుదిక్కునుండి లీడ్స్ పోవు బండి వచ్చి వాటిని ఢీకొనెను.

ఆ డ్రైవరు తప్పేమి? అతడు చదివినది సరిగనే చదివెను. చదువబడిన దానిలోనే అసత్యముండెను. ఆ నియమమునే పరీక్షకు నిలువబెట్టవలసియుండెనని మా అభిప్రాయము.

విచారణ పిమ్మట పని చురుకుగా సాగెను. సిగ్నలు సహజస్థితి ‘ఆగుము’ కావలెననియు, అనుమతి ఒక్కొక్క బండికి ప్రత్యేకముగా ఈయబడి వెంటనే ఉపసంహరింపబడవలెననియు స్థిరపడెను. చేతిని చీలికలోనుండి వెలుపలికి తెచ్చి, మంచు పట్టని విధముగ అమర్చిరి. పందొమ్మిదవ శతాబ్ది చివరకు తెల్లదీపము తొలగి, ‘పొమ్ము’ అనుటకు ఆకుపచ్చ వచ్చెను. అమెరికాలో విలియం రాబిన్‌సన్ 1872లోనే పేటెంటు పొందిన పట్టాల విద్యుద్వలయమును ఈ మార్గముననే నడచెను. పట్టాలగుండా కరెంటు పారుచున్నంతవరకే దారి ఖాళీ. బండి చక్రములు అడ్డుపడినను, తీగ తెగినను, బ్యాటరీ నీరసించినను సిగ్నలు అపాయమునే చూపును. చెడుట తప్పనిచో క్షేమమువైపే చెడవలెనన్న మాట!

ఇక కన్ను సంగతి. స్వీడనులో లాగర్లుండా వద్ద 1875 నవంబరులో రెండు బండ్లు ఢీకొని తొమ్మండుగురు మరణించిరి. డ్రైవరు రంగులు గుర్తింపలేని వాడేమోనని ఉప్సాలా విశ్వవిద్యాలయపు శరీరశాస్త్రాచార్యుడు ఫ్రితియోఫ్ హోల్మ్‌గ్రెన్ అనుమానించెను. మరుసటి సంవత్సరము అతడు ఒక రైల్వేలోని 266 మంది ఉద్యోగులను పరీక్షింపగా, 13 మందికి వర్ణాంధత్వము కనబడెను. అతడు వాడినవి రంగురంగుల ఉన్ని చిలపలు. లేత ఆకుపచ్చ చిలప నొకదానిని చూపి, దానిని పోలినవాటిని ఏరుమనువాడు. రంగు పేరు మాత్రము అడుగడు. ఏలయన, రంగు తెలియనివాడును దాని పేరు నేర్చుకొని ఏండ్లకొలది ఉద్యోగము చేయగలడు. లాగర్లుండా ప్రమాదమునకు ఆ లోపమే కారణమన్నది నేటి పరిశోధకులు కొందరు అంగీకరింపరు. అయినను పరీక్ష నిలిచెను. 1917లో జపాను వైద్యుడు ఇషిహారా చుక్కల పటములను ప్రచురించిన పిమ్మట ఉన్ని చిలపలు మరుగునబడెను. మన రైల్వేలలో డ్రైవరు పనికి చేరువారు నేటికిని ఆ పటములను చదువవలసినదే. ఇతర విషయములందు ఏ లోపమునులేని యువకుడు ఇక్కడ ఆగిపోవుట కష్టమైన సంగతియే; కాని అతని వెనుక పెట్టెలలో వందలమంది కలరు.

మన ప్రాంతమునకు రైలు ఈ మార్పుల నడుమనే వచ్చెను. వాడినుండి సికిందరాబాదుకు 1874లో నిజాము రైలు నడచెను. అదే సికిందరాబాదులో 1957లో సిగ్నలు ఇంజనీరులకు జాతీయ శిక్షణాలయము వెలసెను. సెమాఫోరు చేయి వాలినచో బండి వచ్చునని మన పల్లెలలో పిల్లలకును తెలిసియుండెను. ఆ చేతులు నేడు చాలవరకు తొలగి రంగుదీపములు వచ్చినవి. ‘కవచ్’ అను స్వయంరక్షణ పద్ధతికి 2016లో దక్షిణమధ్య రైల్వే పరిధిలోనే ప్రయాణికుల బండ్లపై ప్రయోగములు జరిగెను. ఎఱ్ఱదీపమును దాటబోవు బండికి అది తానే బ్రేకు వేయును. 2020లో దీనిని దేశమంతటికి స్వీకరించిరి గాని, అన్ని మార్గములకు వ్యాపించుట కాలము పట్టు పని.

అందుచే పాత చదువు ఇంకను విడువరానిదే. ఇంజనులోని ఇద్దరును ప్రతి సిగ్నలును చూచినంతనే దాని స్థితిని బిగ్గరగా ఒకరికొకరు చెప్పుకొనవలెను. అంతేగాక కొత్తమార్గమున బండి నడుపుటకు ముందు, తెలిసినవారి వెంట పగలును రాత్రియు ఆ దారిన ప్రయాణముచేసి, ఏ సిగ్నలు ఏ మలుపువద్ద నున్నదో నేర్చి, తెలిసికొంటినని సంతకము చేయవలెను. ఇది వట్టి లాంఛనమని కొత్తవారు తలచుట కలదు. కాని మొదటి ప్రశ్నను తలచుకొన్నచో దీని అవసరము తెలియును. వెలుగుచున్న దీపమును కనుగొనుటకు కన్ను చాలును. వెలుగని దీపమును కనుగొనవలెనన్న, అది అక్కడ ఉండవలసినదని ముందే తెలిసియుండవలెను.