చచ్చిన పాము: అల్బేనియా సినిమాలో ప్రేమా, హాస్యమూ

ప్రేమనూ హాస్యాన్నీ కలిపి అల్లిన కథకు ఎక్కడైనా చట్రం ఒకటే. ఒక యువతీ, ఒక యువకుడూ కలిసి బతకాలనుకుంటారు. వారికి ఏదో ఒక అధికారం అడ్డు నిలుస్తుంది. ఆ అధికారం తండ్రి కావచ్చు, డబ్బు కావచ్చు, ఆచారం కావచ్చు, ప్రభుత్వమే కావచ్చు. కథ ముగిసేసరికి ప్రేమ గెలుస్తుంది, అధికారం నవ్వులపాలవుతుంది. కనుక ఇలాంటి కథలను కాలక్షేపపు సరుకని తోసిపుచ్చడం విమర్శకునికి తగదు. ఒక సమాజం తనలోని ఏ అధికారాన్ని చూసి నవ్వగలిగింది, దేన్ని చూసి నవ్వలేకపోయింది అన్న ప్రశ్నకు ఈ కథలు నిక్కచ్చిగా జవాబు చెబుతాయి.

1987లో అల్బేనియాలో ధిమిటర్ అనాగ్నోస్తి "గతకాలపు కథ" అనే అర్థం వచ్చే పేరుతో ఒక హాస్య చిత్రం తీశాడు. పద్నాలుగేళ్ళ కుర్రవాడికి తనకంటే పెద్దదైన పిల్లను పెద్దలు కట్టబెట్టడం అందులో ఇతివృత్తం. అది చేతకానివాళ్ళు తీసిన చిత్రం కాదు. అనాగ్నోస్తి మాస్కోలో చదువుకున్నాడు. ఆ దేశపు మేటి దర్శకులలో ఒకడు. అయినా చూసి ముగించాక ఆశాభంగమే మిగులుతుంది. కారణం నటనలో లేదు, ఛాయాగ్రహణంలో లేదు. ఆ చిత్రం చచ్చిన పామును కొట్టింది. బతికి ఉన్న పాము పక్కనే పడగ విప్పి ఉంటే దానివైపు చూడలేదు. ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకోవాలంటే ఆ దేశపు సినిమా చరిత్రలోకి వెళ్ళాలి.

ముందుగా కథకు మూలమైన నాటకం సంగతి చూద్దాం. దాన్ని వ్రాసినవాడు అందోన్ జాకో చాయుపి. 1866లో పుట్టి, ఈజిప్టు వెళ్ళి, 1930లో అక్కడే చనిపోయిన కవి. 1902లో, అల్బేనియా ఇంకా తురుష్క సామ్రాజ్యం కింద ఉన్నప్పుడు, "పద్నాలుగేళ్ళ పెళ్ళికొడుకు" అన్న ప్రహసనాన్ని రచించాడు. రైతు కుటుంబంలో కోడలంటే ముందు పనిమనిషి. నీళ్ళు మొయ్యాలి, పొలం చూడాలి, అత్తకు సేవ చెయ్యాలి. కొడుక్కి భార్య అవసరం ఉందా అన్నది అక్కడ ప్రశ్న కాదు; ఇంటికి రెండు చేతుల అవసరం ఉందా అన్నదే ప్రశ్న. పెళ్ళికొడుకు వయసు అందుకే నవ్వు పుట్టిస్తుంది. ఆ నవ్వు వెనక ఒక ఆర్థిక వ్యవస్థ కనిపిస్తుంది. చాయుపి నవ్వింది తన కళ్ళ ఎదుట బతికి ఉన్న ఆచారాన్ని చూసి.

మన పాఠకులకు ఇక్కడ కన్యాశుల్కం గుర్తురాక మానదు. 1892లో మొదటిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో కొత్త రూపం దాల్చిన ఆ నాటకమూ పెళ్ళి వెనకనున్న డబ్బు లెక్కను బయటపెట్టినదే. అయితే గురజాడ మరొక అడుగు ముందుకు వేశాడు. లుబ్ధావధాన్లను చూసి నవ్వి ఊరుకోలేదు. ఇంగ్లీషు చదివి సంస్కరణ ఉపన్యాసాలిచ్చే గిరీశాన్ని కూడా నవ్వులపాలు చేశాడు. అంటే తాను నిలబడ్డ పక్షంలోని బూటకాన్నే ఎత్తి చూపాడు. హాస్యానికి ఇంతకన్నా కఠినమైన పరీక్ష లేదు. ఈ గీటురాయి మీద అల్బేనియా చిత్రాలను గీసి చూడవచ్చు.

అల్బేనియాలో చిత్రపరిశ్రమ పుట్టింది విప్లవం తరవాతనే. 1952లో సోవియట్ సహాయంతో టిరానా నగరంలో "నూతన అల్బేనియా" కినోస్టూడియో వెలిసింది. అక్షరాస్యత అంతంతమాత్రంగా ఉన్న రైతు దేశానికి స్వంత సినిమా ఏర్పడడం చిన్న విషయం కాదు. ఆ ఘనతను కాదనేవాడు చరిత్రను కాదన్నట్టే. 1953లో సోవియట్ దర్శకుడు యుత్కేవిచ్ నాయకత్వంలో ఉభయ దేశాలూ కలిసి "స్కందర్‌బెగ్" తీశాయి. అల్బేనియన్లు తమంతట తాము తీసుకున్న మొదటి పూర్తి నిడివి కథాచిత్రం 1958లో వచ్చిన "తానా". దర్శకుడు క్రిస్తాక్ ధామో.

"తానా" ప్రేమకథ. కొండ పల్లెలో కొత్త భావాలు గల ఒక పిల్ల, ఆమె ప్రేమించిన యువకుడు, వారి మధ్య ఒక ఈర్ష్యాళువు, చుట్టూ పాతకాలపు మనుషులు. నాయిక పాత్రలో తింకా కుర్తి నటించింది. అల్బేనియా తెర మీద మొదటి ముద్దు ఈ చిత్రంలోనే కనిపించింది. ఆడపిల్ల పెళ్ళిని మగ పెద్దలు కుదుర్చుకునే సమాజంలో, తన ఇష్టం ప్రకారం ప్రేమించిన పిల్లను తెర మీద నిలబెట్టడం సాహసమే. 1958లో ఆ పాత ఆచారం చావలేదు. ప్రతి పల్లెలోనూ పెత్తనం చేస్తూనే ఉంది. అంచేత "తానా"లోని ప్రేమ బతికి ఉన్న శత్రువుతోనే తలపడింది.

1961లో సోవియట్ యూనియన్‌తో సంబంధాలు తెగిపోయాయి. 1967లో దేశమంతటా మసీదులూ చర్చీలూ మూయించారు. స్త్రీ విమోచన పేరిట పెద్ద ఉద్యమం నడిపారు. ఆ ఉద్యమపు నీడలో 1972లో "కపెదాని" అనే హాస్యచిత్రం వచ్చింది. ముహారెమ్ ఫెయ్‌జో, ఫెహ్మీ హోషాఫి కలిసి దర్శకత్వం వహించారు. ఇందులో నాయకుడు సులో అనే ముసలివాడు, ఒకప్పటి యుద్ధవీరుడు. తన ఊళ్ళో ఆడవాళ్ళు పెత్తనానికి రావడం సహించలేక, పైవాళ్ళకు ఫిర్యాదు చెయ్యడానికి టిరానా బయలుదేరతాడు. ఎక్కడికి పోయినా బాధ్యతగల స్థానాల్లో ఆడవాళ్ళే ఎదురవుతారు. ఆల్బర్ట్ వెర్రియా ఆ పాత్రకు ప్రాణం పోశాడు.

ఈ చిత్రాన్ని జాగ్రత్తగా పరిశీలించాలి. ఇందులో నవ్వులపాలైనవాడు భూస్వామి కాదు, మతాచార్యుడు కాదు. స్వాతంత్ర్యం కోసం తుపాకి పట్టినవాడు. విప్లవం చేసిన మనిషిలోనే పాత మగ అహంకారం మిగిలి ఉంటుందని చెప్పడం నిజమైన హాస్య దృష్టి. గురజాడ గిరీశాన్ని పట్టుకున్నట్టే ఇదీ స్వపక్షాన్ని పట్టుకున్నది. అయితే ఒక మెట్టు దగ్గర ఆగిపోయింది. ముసలివాడు ఎవరికి ఫిర్యాదు చెయ్యబోయాడో ఆ పైవాళ్ళు మాత్రం నవ్వుకు అందనంత ఎత్తున ఉండిపోయారు. తప్పు ఎప్పుడూ కిందివాడిదే, ఒప్పు ఎప్పుడూ పైవాడిదే.

ఈ లక్షణం సినిమాకే పరిమితం కాదు. 1945 నుంచీ అక్కడ "హోస్తెని" అనే అధికారిక హాస్య పత్రిక నడిచింది. ఆ మాటకు ములుకోల అని అర్థం. లంచగొండి గుమాస్తాలను, సోమరి పనివాళ్ళను ఆ పత్రిక బాగానే పొడిచింది. కాని ములుకోల బండి తోలేవాడి చేతిలో ఉంటుంది. అది ఎద్దును పొడుస్తుందిగాని తోలేవాణ్ణి పొడవదు.

"కపెదాని" వెళ్ళినంత దూరమైనా వెళ్ళే వీలు త్వరలోనే పోయింది. 1972 డిసెంబరులో రేడియో, టెలివిజన్ సంస్థ జరిపిన పాటల పోటీ ఉత్సవంలో కొత్త బాణీలు, కొత్త వేషధారణ కనిపించాయి. ఎన్వర్ హోజా దాన్ని పరాయి ప్రభావంగా ఖండించాడు. 1973 జూన్‌లో పార్టీ కేంద్ర సంఘపు నాలుగవ ప్లీనం "ఉదారవాదం" మీద యుద్ధం ప్రకటించింది. టెలివిజన్ అధిపతి టోది లుబోన్యా, నాటకకర్త కూడా అయిన నాయకుడు ఫాదిల్ పాచ్రామి దీర్ఘకాలం జైళ్ళలో మగ్గారు. ఈ దెబ్బతో కళాకారులు గ్రహించవలసిన పాఠం గ్రహించారు: నవ్వదలిస్తే వెనక్కి తిరిగి నవ్వాలి. 1978లో సయిమిర్ కుంబారో తీసిన "1936లో కచ్చేరీ" జోగ్ రాజు కాలపు అధికారులను ఎగతాళి చేసింది. మంచి చిత్రమే. కాని ఆ రాజు 1939లోనే దేశం విడిచి పారిపోయాడు.

ఇప్పుడు మళ్ళీ 1987కు వద్దాం. ఆనాటి అల్బేనియాలో ప్రేమకు అసలు అడ్డు ఏది? పద్నాలుగేళ్ళ పెళ్ళికొడుకా? కాదు. "బయోగ్రఫీ" అనే మాట. మనిషి జీవితమంతా ఒక దస్త్రంలో నమోదై ఉండేది. తాత భూస్వామి అయినా, మేనమామ దేశం దాటి పారిపోయినా, ఆ మచ్చ కుటుంబమంతటికీ అంటేది. మచ్చపడ్డ ఇంటి పిల్లను చేసుకున్నవాడి ఉద్యోగానికీ, చదువుకూ, పార్టీ సభ్యత్వానికీ ముప్పు వచ్చేది. పూర్వం పెద్దలు కులగోత్రాలు విచారించినట్టే, ఇప్పుడు వర్గగోత్రాలు విచారించారు. వర్గాన్ని రద్దు చేస్తామన్న వ్యవస్థ వర్గాన్ని రక్తంలోకి ఎక్కించి వంశపారంపర్యం చేసింది. మార్క్సిజానికి ఇంతకన్నా అపచారం మరొకటి ఉండదు.

దీనికి ఎవరూ అతీతులు కాలేదు. 1981లో, ఇరవయ్యేడేళ్ళుగా ప్రధానిగా ఉన్న మెహ్మెత్ షేహు కొడుక్కి పెళ్ళి నిశ్చయమైంది. పిల్ల బంధువర్గంలో రాజ్య విరోధులుగా ముద్రపడ్డవారు ఉన్నారని తేలింది. నిశ్చితార్థం కొద్ది రోజులలోనే రద్దు చేసుకున్నా ఆగ్రహం చల్లారలేదు. నాయకత్వ సమావేశంలో షేహును నిలదీశారు. డిసెంబరు 18న అతను చనిపోయాడు. ఆత్మహత్య అని అధికారికంగా ప్రకటించారు. తరవాత అతన్ని విదేశీ గూఢచారి అన్నారు, కుటుంబాన్ని జైళ్ళపాలు చేశారు. ఆ పతనానికి లోతైన రాజకీయ కారణాలున్నాయి, నిజమే. కాని సాకుగా దొరికింది ఒక పెళ్ళి సంబంధం! ఒక యువకుడు ఒక యువతిని ఇష్టపడితే మంత్రివర్గం కదిలిపోయిన దేశంలో, ఆరేళ్ళ తరవాత తయారైన ప్రేమ ప్రహసనం తురుష్కుల కాలపు పెళ్ళిళ్ళను చూసి నవ్వమంది. ఆశాభంగం ఇందుకు.

అనాగ్నోస్తిని నిందించడం న్యాయం కాదు. లుబోన్యా, పాచ్రామిల గతి చూసినవాడు ఎవరైనా ఆ దారే పడతాడు. చాయుపి నాటకంలోని పెద్దల నిరంకుశత్వంలో తన కాలాన్ని చూసుకున్న ప్రేక్షకుడు లేకపోలేదు అనుకోవచ్చు. కాని ప్రేక్షకుడు చాటుగా ఊహించుకోవలసిన నవ్వు సగం నవ్వే. హాస్యానికి సభ కావాలి; పదిమందీ ఒకేసారి, ఒకే వస్తువును చూసి, బాహాటంగా నవ్వాలి.

ప్రజలలో ఆ దాహం ఎంత ఉండేదో ఒక వింత వల్ల తెలుస్తుంది. పాశ్చాత్య చిత్రాలు దాదాపు నిషిద్ధమైన ఆ దేశంలో ఇంగ్లీషు హాస్యనటుడు నార్మన్ విజ్డమ్ చిత్రాలను అనుమతించారు. అతని పాత్ర పిట్కిన్ చిన్న ఉద్యోగి. యజమాని మీద తిరగబడే కార్మికుడని పైవాళ్ళు అర్థం చెప్పుకున్నారు. జనానికి మాత్రం అతను, ఎదురుగా బతికి ఉన్న దొరను తికమకపెట్టి బయటపడే సామాన్యుడు. 1995లో విజ్డమ్ అల్బేనియా వచ్చినప్పుడు జనం బ్రహ్మరథం పట్టారు. స్వదేశపు తెర ఇవ్వని నవ్వును పరదేశపు తెర మీద వెతుక్కున్నవారి కృతజ్ఞత అది.

1991 తరవాత పాలన మారింది. 2001లో జెర్జ్ జువానీ "నినాదాలు" అనే చిత్రం తీశాడు. హోజా కాలంలో ఒక కొండ పల్లె బడి. ఉపాధ్యాయులూ పిల్లలూ కలిసి కొండవాలు మీద రాళ్ళతో పార్టీ నినాదాలు పేర్చాలి. కొత్తగా వచ్చిన పంతులుకూ, అక్కడి పంతులమ్మకూ మధ్య ప్రేమ చిగురిస్తుంది. రాళ్ళు మోసే చేతులూ, తలెత్తే ప్రేమా, నవ్వూ ఏడుపూ కలిసిన చిత్రం. 1987లో చెప్పలేకపోయిన కథ ఇదే. దెబ్బలు తిన్నవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు గనుక దీనికి సాక్ష్యపు విలువ ఉంది. కాని ఇదీ పడిపోయిన అధికారం మీద నవ్వే. ఆ చిత్రానికి నాలుగేళ్ళ ముందే, 1997లో, పెట్టుబడి పథకాల మోసంలో అల్బేనియా ప్రజలు జీవితకాలపు పొదుపు పోగొట్టుకున్నారు. దేశం తిరుగుబాటుతో అట్టుడికింది. ఆ మోసగాళ్ళకు ఆ కొండవాలు మీద చోటు లేదు.

పాత దొరను చూసి నవ్వడానికి కొత్త దొర ఎప్పుడూ అనుమతిస్తాడు. ఒక్కొక్కప్పుడు డబ్బు కూడా ఇస్తాడు. అభ్యుదయ సాహిత్యాన్ని బోధించేవారూ, చదివేవారూ ఈ చరిత్రను విప్లవ వ్యతిరేకుల ప్రచారానికి వదిలిపెట్టకూడదు. స్త్రీని వంటింటి నుంచి బయటికి తెచ్చిన వ్యవస్థే ఆమె పెళ్ళికి దస్త్రం అడ్డుపెట్టింది. ఈ రెండు నిజాలనూ కలిపి చెప్పవలసిన బాధ్యత మనది. ఇక మీదట ఒక హాస్య రచన అభ్యుదయకరమా కాదా అని తేల్చవలసివచ్చినప్పుడు, అది ఎవరిని చూసి నవ్విందని మాత్రమే అడిగితే చాలదు. నవ్విన రోజున ఆ మనిషి గద్దె మీద ఉన్నాడా, గోతిలో ఉన్నాడా అని కూడా అడగాలి.