చిన్న చెట్టు, చిన్న గొంతు: 1965 నాటి ఒక క్రిస్మస్ బొమ్మల చిత్రం కథ

కిందటి డిసెంబరులో మా తమ్ముడికి చర్చిలో ఒక పని అప్పగించారు. లూకా సువార్త రెండవ అధ్యాయంలో గొర్రెల కాపరుల దగ్గరికి దేవదూత వచ్చే భాగాన్ని వాడు తెలుగులో, చూడకుండా చెప్పాలి. వాడు రెండో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతాడు, వీధిలో పిల్లలతో తమిళం మాట్లాడతాడు. తెలుగు చదవడం మాత్రం రాదు. "ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చేస్తే సరిపోతుంది కదా" అన్నారు బంధువులొకరు. మా అవ్వ ఒప్పుకోలేదు. "నువ్వు చదివి వినిపించు, వాడే పట్టుకుంటాడు" అని ఆ పని నా నెత్తిన పెట్టింది.

ఆ వారమే మా టీచరుగారు తరగతిలో 'ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్' అనే కార్టూన్ చిత్రం చూపించారు. నిడివి ఇరవై అయిదు నిమిషాలు. మాటలు ఇంగ్లీషు కాబట్టి మధ్యమధ్య ఆపి మాకు తెలుగులో చెప్పారు. అందులో కూడా ఒక చిన్న పిల్లవాడు స్టేజి మీద నిలబడి లూకా సువార్తలోని అదే భాగం చెబుతాడు! అది చూసి నేను ఆశ్చర్యపోయాను. ఈ చిత్రం ఎలా పుట్టిందో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

దీనికి మూలం చార్లెస్ షుల్జ్ అనే అమెరికా చిత్రకారుడు. ఆయన తండ్రి మంగలి పని చేసేవాడు. షుల్జ్ రెండవ ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పనిచేసి తిరిగివచ్చాక బొమ్మలనే వృత్తిగా ఎంచుకున్నాడు. 1950 అక్టోబరు 2న ఆయన 'పీనట్స్' బొమ్మల కథ ఏడు పత్రికలలో మొదలయింది. అందులో నాయకుడు చార్లీ బ్రౌన్. దాదాపు ఏ ఆటలోనూ గెలవడు, అయినా ఆట మానడు. స్నూపీ అనే కుక్క, ఎప్పుడూ దుప్పటి చేతిలో పట్టుకు తిరిగే లైనస్, అందరికీ సలహాలిచ్చే వాడి అక్క లూసీ ఆ కథలో మిగతావాళ్ళు.

1965లో కోకా-కోలా కంపెనీ తరఫు ప్రకటనల సంస్థ, నిర్మాత లీ మెండెల్సన్‌ని క్రిస్మస్‌కి ఒక టీవీ కార్యక్రమం కావాలని అడిగింది. ఆయనా, షుల్జ్ ఒక్కరోజులో కథ ఆలోచించి పంపారు. బొమ్మలకు కదలిక ఇచ్చే పని బిల్ మెలెండెజ్ చేపట్టాడు. ఈయన మెక్సికోలో పుట్టి అమెరికా వచ్చినవాడు, డిస్నీ సంస్థలో పనిచేసిన అనుభవం ఉన్నవాడు. చేతిలో ఉన్నది ఆరు నెలలు. ఆ రోజుల్లో కార్టూన్లకు కంప్యూటర్లు వాడేవారు కాదు, వేలకొద్దీ బొమ్మలు చేత్తోనే గీయాలి.

కథ చాలా చిన్నది. క్రిస్మస్ వచ్చిందని అందరూ సంబరపడుతుంటే చార్లీ బ్రౌన్‌కి మాత్రం మనసు బాగుండదు. వాడి చెల్లెలు శాంటా తాతకు రాసే ఉత్తరంలో డబ్బే పంపమని అడుగుతుంది. స్నూపీ బహుమతి కోసం తన గూటికి రంగు దీపాలు తగిలిస్తుంది. లూసీ సలహాతో చార్లీ క్రిస్మస్ నాటికకు దర్శకుడవుతాడు గాని, వాడి మాట ఎవరూ వినరు. పెద్ద అల్యూమినియం చెట్టు తెమ్మని పంపితే, అంగట్లో ఎవరూ కొనని ఒక బక్కచెట్టును తెస్తాడు. అందరూ నవ్వుతారు. అసలు క్రిస్మస్ అంటే ఏమిటో ఎవరికైనా తెలుసా అని వాడు బాధతో అరుస్తాడు. అప్పుడు లైనస్ స్టేజి మధ్యకు వెళ్ళి, దీపాలు తగ్గించమని చెప్పి, గొర్రెల కాపరుల భాగం మొత్తం వినిపిస్తాడు. భయపడవద్దని దేవదూత చెప్పే చోట, ఎన్నడూ వదలని దుప్పటిని వాడు చేతిలోంచి జారవిడుస్తాడు. చివరకు పిల్లలందరూ వచ్చి ఆ బక్కచెట్టును అలంకరించి పాట పాడతారు.

ఈ చిత్రంలో షుల్జ్ పట్టుబట్టి నిలబెట్టుకున్నవి కొన్ని ఉన్నాయి. ఒకటి, బైబిలు భాగం. మతం సంగతి కార్టూన్‌లో ఎందుకని తోటివారు సందేహించినా ఆయన తీసేయలేదు. రెండు, నవ్వుల శబ్దం. ఆనాటి హాస్య కార్యక్రమాలలో ఎక్కడ నవ్వాలో తెలిసేలా నవ్వులు రికార్డు చేసి కలిపేవారు. అది వద్దన్నాడు. మూడు, గొంతులు. పెద్దవాళ్ళు పిల్లల్లా మాట్లాడే అలవాటు పక్కనపెట్టి, పిల్లల చేతనే మాట్లాడించారు. చెల్లెలి పాత్రకు గొంతు ఇచ్చిన పాపకు చదవడం కూడా సరిగా రాదు. అందుకని ఒక్కో ముక్క చెప్పి, తిరిగి చెప్పించి, ఆ ముక్కలన్నీ అతికారు. సంగీతం కూర్చినది విన్స్ గరాల్డీ అనే జాజ్ పియానో కళాకారుడు. పాటలు పాడింది ఒక చర్చి పిల్లలు.

చిత్రం పూర్తయ్యాక సి.బి.ఎస్. టీవీ అధికారులకు నచ్చలేదు. మరీ నెమ్మదిగా ఉందనీ, జాజ్ సంగీతం అతకలేదనీ అన్నారు. తీసినవాళ్ళకు కూడా పోయిందేమో అని భయం పట్టుకుంది. కానీ ప్రసారం తేదీ అప్పటికే ప్రకటించేశారు, ఇక మార్చడానికి వీల్లేదు. 1965 డిసెంబరు 9, గురువారం రాత్రి ప్రసారం చేశారు. ఆ రాత్రి అమెరికాలో టీవీ చూస్తున్న ఇళ్ళలో దాదాపు సగం ఇళ్ళవాళ్ళు దీన్నే చూశారు. తరువాత ఎమ్మీ, పీబాడీ పురస్కారాలు వచ్చాయి. ఆ తరువాత ఎన్నో ఏళ్ళు ఏటేటా దీన్ని టీవీలో చూపించారు. అధికారులకు నచ్చనివే జనానికి నచ్చాయి. పిల్లల గొంతు పిల్లల గొంతులా ఉండటమే దాని బలం అని నాకనిపిస్తుంది.

ఆ 1965లో మన దగ్గర ఏముంది? మన దేశంలో టీవీ 1959లో ఢిల్లీలో మొదలయినా, రోజూ ప్రసారాలు వచ్చింది 1965లోనే, అదీ ఢిల్లీలోనే. మద్రాసుకు 1975లో వచ్చింది. 1965లో మన ఆవడిలో చెప్పుకోదగ్గది విజయంత ట్యాంకు. అది ఇక్కడి భారీ వాహనాల కర్మాగారంలో తయారయింది. పాకిస్తాన్‌తో యుద్ధం జరిగిన సంవత్సరం కూడా అదే. మా తాత చిత్తూరు జిల్లానుంచి పని కోసం ఇక్కడికి వచ్చింది ఆ తరువాతే. వచ్చేటప్పుడు పెట్టెలో తెలుగు బైబిలు తెచ్చుకున్నాడు. మా తమ్ముడికి నేను చదివి వినిపించింది అందులోంచే.

ఆ పుస్తకం పట్టుకున్నప్పుడు, లైనస్ చెప్పిన ఈ భాగం తెలుగులోకి ఎప్పుడొచ్చిందో అనే ప్రశ్న వచ్చింది. వెతికితే జవాబు మన పక్కనే మొదలయింది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ 1726లో మద్రాసు వచ్చి, తెలుగు నేర్చుకుని, బైబిలును తెలుగులోకి అనువదించాడు. బొమ్మల షుల్జ్ వేరు, ఈయన వేరు. ఆ అనువాదం అచ్చు కాలేదు. ఆయన రాసిన చిన్న తెలుగు పుస్తకాలు మాత్రం 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలే పట్టణంలో అచ్చయ్యాయి. తరువాత విశాఖపట్నంలో డెస్ గ్రాంజెస్ అనే మిషనరీ, ఆనందరాయరు అనే పండితుడి సాయంతో సువార్తలను అనువదించాడు. ఆయన చనిపోయాక 1812లో, బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో మూడు సువార్తలు అచ్చయ్యాయి. వాటిలో లూకా కూడా ఒకటి. ఇంతమంది ఇంత కష్టపడింది, మన మాటను మన అక్షరాల్లో చదువుకోవడానికే కదా.

మా తమ్ముడికి నేను ఒక్కో ముక్క చెప్పాను, వాడు తిరిగి చెప్పాడు, ఆ సినిమాలో పాపకు నేర్పినట్టే. క్రిస్మస్ రోజు మైకు ముందు నిలబడి మొదలుపెట్టాడు. సగంలో ఆగిపోయాడు. చర్చి అంతా నిశ్శబ్దం. నాకు చెమటలు పట్టాయి. వాడు ఒకసారి అవ్వ వైపు చూసి మళ్ళీ అందుకుని ముగించాడు. ఇంటికొచ్చాక అవ్వ నవ్వుతూ, "ఒక వచనం మింగేశావురా" అంది. వాడు, "నాకు చదవడం వస్తే మింగేవాడినా?" అన్నాడు.

ఆ మాట మా ఇంట్లో అందరికీ తగిలింది. మరునాటినుంచి రోజూ సాయంత్రం అరగంట వాడికి తెలుగు అక్షరాలు దిద్దిస్తున్నాను. ఇప్పుడు గుణింతాలు దాటి ఒత్తుల దగ్గర తడబడుతున్నాడు. ఈ డిసెంబరులో వాడు అదే భాగాన్ని తాత పుస్తకం చూసి చదవాలని మా కోరిక. తప్పులు వస్తాయేమో, రానీ. వాడి గొంతుతో, మన అక్షరాలు చూసి చదివితే చాలు.