పదుమూడవ ప్రక్కటెముక

మనుష్యుని మొండెమును నిలువబెట్టు ఎముకల లెక్కను గుఱించి ఈ సాయంకాలము నాలుగు మాటలు చెప్పదలచితిని. విషయము నీరసమని శ్రోతలకు తోచవచ్చును. కాని ఈ లెక్కను పట్టుకొని మన ప్రాచీన వైద్యగ్రంథములపై ఒక నింద మోపబడినది. ఆ నిందకు మనవారు చెప్పు సమాధానమొకటి కలదు. అది నిందకంటె అధ్వాన్నముగా నున్నది. ఆ శాస్త్రములను పాఠముగా చదివినవాడను గనుక ఈ రెంటిని విచారించుట నాకు విధియని భావించుచున్నాను.

ముందుగా ఎముకలనే చూతము. రేడియోలో పటము చూపు వీలు లేదు. కావున శ్రోతలు తమ వీపునే పటముగా భావింపవలెను. తల ముందునకు వంచి మెడవెనుక తడిమినచో చర్మము క్రింద ఒక మిట్ట చేతికి తగులును. సాధారణముగా నది మెడపూసలలో కడపటిదగు ఏడవది. దానిక్రింద ప్రక్కటెముకలు అంటియుండు పూసలు పండ్రెండు. ఆపైని నడుముపూసలు అయిదు. విడిపూసలు ఇంతటితో సరి. అటుపిమ్మట అయిదు పూసలు పెరిగి యొకటిగా కలిసిపోయిన త్రికాస్థి. దాని కొసను, సామాన్యముగా నాలుగు చిన్నపూసలు అతుకుకొని యేర్పడిన తోకయెముక. పూసలనన్నిటిని విడివిడిగా నెంచిన 33. కలిసినవానిని ఒక్కొక్కటిగా నెంచిన 26. ఇక ప్రక్కటెముకలు ప్రక్కకు పండ్రెండు చొప్పున 24. వీనిలో పై యేడు జతలును మృద్వస్థుల మూలమున తిన్నగా రొమ్ముటెముకను చేరును. కడపటి రెండు జతలు ముందువైపున దేనిని అంటక ఊరకుండును.

గ్రీకులు తోకయెముకను కోకిలజాతి పక్షి ముక్కుతో పోల్చి పేరు పెట్టిరి. లాటినువారు త్రికమును పవిత్రాస్థి యనిరి. మన తెలుగు పల్లీయులు మాత్రము ఏ శాస్త్రమును చదువకయే వెన్నుపూస యనిరి. నడుమ రంధ్రము కలది, వరుసగా పేర్చబడినది, నరముల త్రాడు లోపలినుండి పోవునది. దీనిని పూస యనక మఱేమందుము? నాకీ మాటయే అన్నిటికంటె సార్థకముగా కనబడుచున్నది.

ఇక నింద యేమన: పెరిగిన మనుష్యుని శరీరమున ఎముకలు 206 అని నేటి లెక్క. చరకసంహిత 360 అన్నది. సుశ్రుతసంహిత 300 అన్నది. కావున మన పూర్వులు ఎముకను కంట చూడక ఊహించి వ్రాసిరని కొందఱందురు. దీనికి మనవారిలో కొందఱు చెప్పు సమాధానము: అప్పుడే పుట్టిన శిశువునకు 270 మొదలు 300 వఱకు ఎముకలుండి, పెరిగినకొలది కలిసిపోవును గదా, సుశ్రుతుడు శిశువు లెక్క చెప్పినాడు అని. ఈ యిరుతెగలవారును మొత్తమునే చూచిరి కాని పద్దులను చూడలేదు. మా విద్యార్థిదశయందును మూడువందలను కంఠస్థము చేయించిరేగాని ఒక్క యెముకను చేతికిచ్చినవారు లేరు.

సుశ్రుతుని పద్దు శారీరస్థానమున నున్నది. మొండెమునకు 117: కటియందు 5, ప్రక్కలయందు 72, వీపున 30, రొమ్మున 8, భుజముల దగ్గఱ 2. ప్రక్కకు ముప్పదియారు ఎముకలా యని నవ్వువారు చరకుని తెఱచి చూడవలెను. అక్కడ ప్రక్కటెముకలు 24, అవి అమరు స్థాలకములు 24, వాని బొడిపెలు 24 అని విడదీసి చెప్పబడినది. అనగా నేడు ఒకటిగా నెంచుదానిని వారు మూడుగా నెంచిరి. మూడింట భాగించి చూడుడు: ప్రక్కకు పండ్రెండే. చరకుని 360లో దంతములు 32, దంతములు నాటుకొను గుంటలు 32, గోళ్లు 20 చేరియున్నవి. సుశ్రుతుడు తరుణాస్థులని మెత్తని యెముకలనుగూడ లెక్కలో చేర్చెను. ఇది యెన్నిక భేదము. చూపు లోపము కాదు.

అయితే అన్నిటిని ఇట్లు సరిపెట్టవచ్చునని నేననను. సుశ్రుతుడు మెడకు 9 అన్నాడు, వీపునకు 30 అన్నాడు. ఇవి బలవంతము చేయక సరిపడవు. హెర్న్లీ పండితుడు 1907లో ఆక్సుఫర్డునందు ప్రచురించిన అస్థిశాస్త్ర గ్రంథమున పాఠములను దిద్ది సంఖ్యలను సరిపెట్టజూచెను. ఆయన శ్రమ అసాధారణము. కొన్ని సవరణలు యుక్తియుక్తములు. కొన్ని, తాళముచెవికి సరిపడునట్లు తాళమును అరగదీయుటవంటివి.

నాకు ఆశ్చర్యము కలిగించినది వేఱొకటి. సంహితలకు పూర్వమే శతపథబ్రాహ్మణమున ఎముకల సంఖ్య గలదు. దశమకాండమున 360 యని చెప్పబడినది; సంవత్సరమునకు రాత్రులెన్నో అస్థులన్ని యని తాత్పర్యము. పండ్రెండవ కాండమున అవయవములను స్తోమములతో, అనగా యజ్ఞమునందలి స్తోత్రముల సంఖ్యలతో, పోల్చినారు. వెన్నున ముప్పదిరెండు పూసలు, వెన్ను తాను ముప్పదిమూడవది యట. నేటి 33తో సరిపోయినదని పొంగిపోవుటకు వీలు లేదు. ముప్పదిమూడు ఒక స్తోమసంఖ్య, సంఖ్య ముందు, ఎముక వెనుక. అక్కడనే ప్రక్కటెముకలను ఇటు పదుమూడు, అటు పదుమూడు అని లెక్కించి, ప్రక్కను ఇరువదియేడవదిగా చేర్చిరి.

ఈ పదుమూడు ఎక్కడిది? కొందఱి శరీరమున ఒక యెముక అధికముగా నుండుట కలదు గాని అది అరుదు. యజ్ఞమున పశువును విశసించునప్పుడు చదువు అధ్రిగుప్రైషమున పశువు ప్రక్కటెముకలు ఇరువదియాఱని చెప్పుదురు. మేకకు నిజముగా పదుమూడు జతలే! ఋత్విజులకు ప్రత్యక్షముగా తెలిసిన ప్రక్క మేక ప్రక్క. దానినే మనుష్యునకును అన్వయించిరని నా యభిప్రాయము. మఱి సంహితలకు వచ్చుసరికి ప్రక్కకు పండ్రెండైనవి. శ్రుతియందున్న పదుమూడవ యెముకను తీసివేయుటకు ఎంత ధైర్యము కావలెనో ఆలోచింపుడు! ఎవడో ఒకడు మనుష్యుని ప్రక్కను వేలితో లెక్కించియుండవలెను. లెక్కింపక ఈ పండ్రెండు రాదు.

ఆ లెక్కింపు ఎట్లు జరిగెనో సుశ్రుతసంహితయే చెప్పుచున్నది. విషముచేత చావనిది, దీర్ఘరోగము లేనిది, నూఱేండ్లు నిండనిది, అంగవైకల్యము లేనిది యగు శవమును తెచ్చి, ప్రేగులలోని మలమును తీసివేసి, ముంజగడ్డి, నారచీర, దర్భ, జనుము మున్నగువానితో చుట్టి, బోనులో పెట్టి, మందముగా పాఱు నీటియందు మఱుగుచోట నుంచవలెను. ఏడు రాత్రులు గడచి, బాగుగా నానినపిమ్మట వట్టివేరు, వెండ్రుకలు, వెదురు మొదలగువాని కుంచెలతో మెల్లమెల్లగా రుద్దుచు, చర్మము మొదలు లోపలివఱకు ఒక్కొక్కటే కంటితో చూడవలెను. మఱియు వేదవాదులు 360 యందురు, శల్యతంత్రమున 300 మాత్రమే యని ఆ గ్రంథము స్పష్టముగా చెప్పినది. వేదమును కాదనలేదు, తన చేతిలోని యెముకనును దాచలేదు.

ఇట్టి కథయే ఐరోపాలోను నడచినది. క్రీ. శ. రెండవ శతాబ్దివాడైన గాలెను రోమునగరమున మహావైద్యుడు. మనుష్యశవములను కోయు ఆచారము అక్కడ లేకపోవుటచే ఆయన కోతులను కోసెను. ఏటి వెల్లువలో గోరినుండి కొట్టుకొనివచ్చిన శవమునొకదానిని చూచితినని ఆయనయే వ్రాసికొన్నాడు. అట్టి యవకాశములు ఎన్ని దొరకును? రొమ్ముటెముకకు ఏడు భాగములని ఆయన వ్రాసిన వ్రాత పదుమూడు శతాబ్దులు చెల్లుబడియైనది. పాడువా విశ్వవిద్యాలయమున ఉపన్యాసకుడైన వెసేలియసు 1543లో, తన యిరువదియెనిమిదవ యేట, బాసెలు నగరమున ముద్రింపించిన మహాగ్రంథమున మనుష్యునకు మూడే యని చూపెను. ఆయన గురువు సిల్వియసు, గాలెను తప్పలేదు, ఆనాటి మనుష్యుల రొమ్ములు విశాలములు, ఇప్పటివారు క్షీణించిరి అని వాదించెనట! గురుభక్తియే, కాని ఎముక భక్తిని లెక్కచేయదు.

మనకు వెసేలియసు ఆలస్యముగా వచ్చినాడు. వాగ్భటుడు అష్టాంగహృదయమున 360 అని చెప్పి, ధన్వంతరి 300 అన్నాడని ప్రక్కన చేర్చి, ఏది సరియో తేల్చక విడిచెను. నీటియొడ్డున కుంచె పట్టినవాడు అట్లు విడువడు. కాలక్రమమున శవస్పర్శ అశుచి యన్న తలంపు బలపడి, శస్త్రము వైద్యుని చేతినుండి జాఱినది. సంఖ్య మాత్రము నోట మిగిలినది.

కలకత్తా సంస్కృత కళాశాలలో వైద్యము బోధించుచుండిన మధుసూదనగుప్తుడు వైద్యకుటుంబమున పుట్టిన పండితుడు. 1835లో అక్కడ వైద్యకళాశాల స్థాపింపబడగా అందు చేరి, 1836లో మనుష్యశవమును స్వహస్తమున కోసెను. ఈ కోతను గుఱించి ప్రతి చరిత్రకారుడును వ్రాయును. వారు తఱచు విడిచిపెట్టు సంగతి యొకటి కలదు. సుశ్రుతసంహితను మొట్టమొదట అచ్చునకు పరిష్కరించి యిచ్చినవాడును ఈ గుప్తుడే; ఆ ముద్రణయు ఆ 1835, 1836 సంవత్సరములదే. అచ్చుచిత్తులలో ఏడు రాత్రుల నీటిని గుఱించిన పంక్తులను దిద్దిన చేయియు, శవముపై కత్తి పెట్టిన చేయియు ఒక్కటే.