గడియారము ఏ కాలము చెప్పినది?



మా ఇంటి పెట్టెలో ఒక చీటి యున్నది. స్వభాను సంవత్సర కార్తికమున, అనగా 1943లో, మా పెద్దన్నగారు పుట్టినపుడు తాతగారు వ్రాసినది. "ఉదయము ఆరున్నర గంటలు" అని మాత్రమే అందున్నది. ఏ కాలము ప్రకారము ఆరున్నరయో లేదు.

పూర్వము మనకీ చిక్కు లేదు. సూర్యోదయము మొదలు అరువది ఘడియలు. ఏ ఊరి ప్రొద్దు ఆ ఊరిదే. జ్యోతిషులు మాత్రము ఉజ్జయిని రేఖను ప్రమాణముగా గొని, భాగకు పది విఘడియల చొప్పున, అనగా నాలుగు నిమిషముల చొప్పున, దేశాంతర సంస్కారము చేయుచుండిరి. బందరున సూర్యుడు బెజవాడకంటె రెండు నిమిషములు ముందుగా నడినెత్తికి వచ్చును. దీనివలన ఎడ్లబండికి నష్టము లేదు, రైలుబండికి కలదు.

మద్రాసులో కుంపిణీవారు 1792లో నక్షత్రశాల కట్టించిరి. అచ్చటి గోల్డింగ్‌హాము దొర 1802లో స్థిరపరచిన మద్రాసు కాలమునే తరువాత దేశమందలి రైళ్లు అనుసరించెను. అది గ్రీనిచ్చికి 5 గంటల 21 నిమిషములు ముందు. బెజవాడ ప్రొద్దునకు దానికి భేదము నిమిషమున్నరయే. మన జంక్షనులో సూర్యుడును స్టేషను గడియారమును ఇంచుమించు ఒక్కమాటమీద నుండెను. 1906 జనవరి 1 నుండి ప్రభుత్వమువారు 82½ భాగల తూర్పురేఖను ప్రమాణముగా గొని, గ్రీనిచ్చికి 5½ గంటలు ముందుండు కాలమును పెట్టిరి. ఆ రేఖ మన తుని సమీపమున పోవుచున్నది. కలకత్తా 1948 వరకును, బొంబాయి 1955 వరకును తమ సొంత కాలమును విడువలేదు. పట్టణములకును అభిమాన ముండును గదా!

ఈలోగా యుద్ధము వచ్చెను. 1942 సెప్టెంబరు నుండి 1945 అక్టోబరు వరకు దేశమంతట గడియారములను ఇంకొక గంట ముందునకు త్రిప్పిరి.

అన్నగారి జాతకము వ్రాసినవారు ఆ గంటను తీసివేయలేదు. కార్తికమున మా ప్రాంతమున సూర్యోదయము ఆరుంబావు ప్రాంతమున నగును. వారి లెక్కకు ఆయన ప్రొద్దు పొడిచిన పిదప పుట్టెను. గంట తీసివేసినచో తెల్లవారకముందే పుట్టెను. వారము సూర్యోదయముతో మొదలగును గనుక వారమే మారిపోవును. పెండ్లి మాటలప్పుడు మరియొక సిద్ధాంతిగారు గంట తీసివేసి రెండవ జాతకము వ్రాసిరి. నేనప్పటికి చిన్నవాడను. పిల్ల తరపువారు రెండు జాతకములు చూచి అనుమానపడి లేచిపోవుట జ్ఞాపకమున్నది. నాయనమ్మ మాత్రము, "బిడ్డ ఏడ్చినపుడు లాంతరు ఇంకను ఆర్పలేదు" అని చెప్పుచునే యుండెను. విన్నవారు లేరు.

నేడు జననములు, టిక్కెట్లు, బ్యాంకు పద్దులు కంప్యూటరు పట్టికల కెక్కినవి. అచ్చటను ఈ చిక్కే. తెలిసినవారు జరిగిన క్షణమును గ్రీనిచ్చి లెక్కకు మార్చి దాచి, చూపునపుడు ఆయా ప్రదేశపు కాలమునకు త్రిప్పుదురు. "గ్రీనిచ్చికి 5½ గంటలు" అని మాత్రము చెప్పినచో యంత్రమునకు యుద్ధపు గంట తెలియదు. మన దేశమునకు వాడు కోల్‌కతా పేరు చెప్పినచో తెలియును. లోకమంతట వాడు కాలపట్టికలో ఆ పేరు క్రింద ఏ యేట నే మార్పు జరిగెనో వ్రాసియున్నది.

మొన్న మా మనుమడు చీటిలోని ఆరున్నరను ఈ రెండు విధముల వేసి చూచెను. మొదటి విధమున గ్రీనిచ్చిలో రాత్రి ఒంటిగంట. రెండవ విధమున సరిగా అర్ధరాత్రి. ఆ కాగితమును అన్నగారికి చూపితిని. ఆయనకు ఎనుబదియేండ్లు దాటినవి. అద్దములు సవరించుకొని చదివి, "లాంతరు సంగతి నాయనమ్మ చెప్పనే చెప్పినది గదరా" అనిరి.