బాన్సువాడ నుంచి ట్రిబ్యునల్ దాకా

తలకు తగిలిన దెబ్బ పైకి మానినా లోపల మానకపోవచ్చు. ఏళ్లు గడిచాక మూర్ఛగానో, మతిమరుపుగానో బయటపడొచ్చు. సైనికుల వైకల్య పింఛను తగవుల్లో చాలావరకు చివరికి ఒకే ప్రశ్న దగ్గరికి వస్తాయి: ఈ జబ్బు కొలువు వల్ల వచ్చిందా, కాదా?

ధరమ్‌వీర్ సింగ్ 1985లో సైన్యంలోని సిగ్నల్స్ విభాగంలో చేరారు. 1994లో మూర్ఛ వ్యాధి, 20 శాతం వైకల్యం ఉన్నాయని ఆయన్ను ఇంటికి పంపేశారు. జబ్బుకు కొలువుతో సంబంధం లేదని మెడికల్ బోర్డు తేల్చడంతో పింఛను రాలేదు.

అప్పీలు, హైకోర్టు దాటి వెళ్లిన ఆ కేసులో సుప్రీంకోర్టు 2013 జులై 2న తీర్పిచ్చింది. చేరేనాటి రికార్డులో లేని జబ్బు తర్వాత బయటపడితే అది కొలువు వల్లే వచ్చిందని భావించాలి. కాదని నిరూపించాల్సింది ప్రభుత్వమే. బోర్డు తన అభిప్రాయానికి కారణాలు రాయాలి.

అంతకుముందే, 2007 చట్టంతో ఇలాంటి తగవులు వినడానికి సాయుధ దళాల ట్రిబ్యునల్ ఏర్పడింది. తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. 2016 దాకా నిజామాబాద్ జిల్లాలో, ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉన్న బాన్సువాడ మాజీ సైనికుడికీ అదే దారి.

ఇలాంటి పోరాటాల్లో బరువు తూగేది కాగితమే. చేరేనాటి వైద్య పరీక్ష పత్రం, ఆసుపత్రి చీటీలు, గాయం నివేదిక, బోర్డు నివేదిక నకలు, డిశ్చార్జి పుస్తకం: మాజీ సైనికుల కుటుంబాలు వీటిని పొలం పట్టా అంత భద్రంగా దాచుకోవాలి. పింఛను తిరస్కరిస్తూ ఉత్తరం వస్తే మౌనంగా ఊరుకోవద్దు, అప్పీలు చేయండి.