పలాస జీడిపప్పుకు పోటీ ఎవరు?

జీడిమామిడి మన నేలది కాదు. పదహారవ శతాబ్దంలో పోర్చుగీసువారు బ్రెజిలు నుండి తెచ్చినది. బట్టల మీద చెరగని గుర్తు వేసే భల్లాతకానికి మన పూర్వులు పెట్టుకున్న ‘జీడి’ అన్న పేరును ఈ పరదేశి ఎగరేసుకుపోగా, అసలు జీడి పాపం ‘నల్లజీడి’గా మిగిలింది. పోటీ పేరులోనే మొదలైందన్నమాట!

వజ్రపుకొత్తూరు చుట్టుప్రక్కల ఉద్దానపు ఇసుకనేలల్లో ఈ చెట్టు కొబ్బరికి తోడుగా నిలదొక్కుకొన్నది. ఆ పిక్కల మీద పలాసలో పరిశ్రమ పెరిగింది. అయితే ఈ వర్తకానికి రాజధాని కేరళలోని కొల్లం. అక్కడివారు తూర్పు ఆఫ్రికా నుండి పిక్కలు తెప్పించి, ఒలిపించి, పప్పును అమెరికాకు ఓడలకెక్కించేవారు. ఎగుమతిలో విరగని పప్పుకే మన్నన. 320 రకమంటే పౌనుకు 300 నుండి 320 పప్పులు తూగాలి. పలాసవారు ఆ బరిలో కొల్లంతో తలపడలేదు. వారికి హౌరా - మద్రాసు రైలుమార్గం ఉన్నది. దేశంలో మిఠాయి దుకాణాలూ, పెళ్ళిపందిళ్ళూ ఉన్నవి. పాయసంలోకి బద్దయినా ఒకటే, ముక్కయినా ఒకటే. ఎవరో లెక్కలు వేసి పన్నిన వ్యూహమని నేననను గాని, ఫలితం మాత్రం వ్యూహానిదే. యంత్రాల బలంతో వియత్నాం 2006లో ఎగుమతులలో భారతదేశాన్ని మించినప్పుడు, ఇంటి విపణిని నమ్ముకొన్న పలాసకు కొల్లానికి తగిలినంత దెబ్బ తగలలేదు.

ఇంతవరకూ కర్మాగారం గుమ్మంలో నిలబడి చూసినాము. తోటలో నిలబడి చూస్తే పోటీదారు వియత్నాం కాదు, కొల్లమూ కాదు; పలాస గిడ్డంగిలోకే వస్తున్న ఆఫ్రికా పిక్క. 2018 బడ్జెటులో దాని దిగుమతి సుంకం 5 శాతం నుండి 2.5 శాతానికి తగ్గింది. ఆ ఏడే అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్నే దాటి తోటలను కూల్చివేసింది. అంటుమొక్క నాటితే తొలికాపుకే మూడేళ్ళు, నిండుకాపుకు ఇంకెన్నో. వర్తకుడు అంతకాలం ఆగనక్కరలేదు, ఓడ ఉన్నది. 80 కిలోల బస్తాకు 16,000 రూపాయలు ఇప్పించమని ఉద్దానం రైతులు ఇటీవలి ఏళ్ళలో రోడ్డెక్కినది ఇందుకే.

పలాస పేరు చూసి పొట్లం కొనేవారికి లోపలి పిక్క ఏ దేశపుదో తెలియదు. కీర్తి ఊరికి దక్కింది, తోటకు దక్కలేదు. ఉద్దానపు పిక్కతో చేసిన పప్పును విడిగా కట్టి, ఆ మాట పొట్లం మీద అచ్చువేయించి, నాలుగు రూపాయలు ఎక్కువకు అమ్మి చూడవలసింది ముందుగా రైతుల సంఘాలేనని నా అభిప్రాయం.