హోమోసిస్టీన్

హోమోసిస్టీన్ గంధకము గల ఒక అమైనో ఆమ్లము. ఇది మాంసకృత్తుల నిర్మాణంలో పాల్గొనదు. ఆహారంలోని మిథియోనిన్ అనే మరొక అమైనో ఆమ్లము నుండి శరీరంలో ఏర్పడుతుంది. రక్తంలో దీని పరిమాణము విటమిన్ బి12, ఫోలిక్ ఆమ్లముల లోపానికి ఒక సూచిక. ఈ లోపాలు తరచుగా ప్రేగులలో మొదలై నాడీమండలాన్ని దెబ్బతీస్తాయి కనుక, రెండింటి వ్యాధులలోను ఈ పరీక్ష ఉపయోగపడుతుంది.

జీవక్రియ

హోమోసిస్టీన్ రెండు విధాలుగా ఖర్చవుతుంది. బి12, ఫోలిక్ ఆమ్లముల సాయంతో తిరిగి మిథియోనిన్‌గా మారుతుంది. లేదా విటమిన్ బి6 సాయంతో సిస్టీన్‌గా మారే మార్గంలో పోతుంది. ఈ విటమిన్లు కొరవడినప్పుడు రక్తంలో పేరుకొంటుంది. మూత్రపిండాల వ్యాధి, థైరాయిడ్ లోపము కూడా దీనిని పెంచుతాయి. హోమోసిస్టిన్యూరియా అనే జన్యులోపంలో ఇది మిక్కిలి హెచ్చుగా ఉంటుంది.

ప్రేగులు, నాడులు

ఫోలిక్ ఆమ్లము ముఖ్యంగా చిన్నప్రేగు పైభాగంలోను, బి12 దాని చివరి భాగంలోను రక్తంలోకి చేరుతాయి. స్ప్రూ వ్యాధిలో ప్రేగు లోపలి పొర దెబ్బతిని ఇవి సరిగా అందవు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు స్వయంగా ఈ వ్యాధికి గురైనవాడు. ఆయన నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది.

బి12 లోపం వలన కాళ్ళు చేతులు తిమ్మిరెక్కడం, నడకలో తూలడం, మతిమరుపు కలుగవచ్చును. అటువంటి రోగికి ఫోలిక్ ఆమ్లము మాత్రమే ఇచ్చినచో రక్తహీనత తగ్గినట్లు కనిపిస్తుంది గాని నాడుల క్షీణత ఆగదు. ఆలస్యమైతే అది శాశ్వతం కావచ్చును. హోమోసిస్టీన్ రెండు లోపాలలోను పెరుగుతుంది కనుక ఏది కారణమో ఇది ఒక్కటే తేల్చలేదు. మిథైల్‌మలోనిక్ ఆమ్లము బి12 లోపంలో పెరుగుతుంది, ఫోలిక్ ఆమ్ల లోపంలో పెరగదు. అందుచేత ఆ పరీక్ష కూడా చేయిస్తారు.

పరీక్ష

పరగడుపున తీసిన రక్తంలో సాధారణ పరిమాణము లీటరుకు సుమారు 5 నుండి 15 మైక్రోమోల్‌లు. రక్తం తీసిన తరువాత కూడా ఎర్రకణాలు హోమోసిస్టీన్‌ను విడుదల చేస్తూనే ఉంటాయి. అందువలన నమూనాను వెంటనే మంచులో ఉంచి, త్వరగా కణాలను వేరుచేయాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల నుండి విశాఖపట్నం వంటి దూరప్రాంతపు ప్రయోగశాలకు పంపేటప్పుడు, కణాలను వేరుచేసిన తరువాతనే పంపడం మంచిది. లేనిచో ఆరోగ్యవంతునికి కూడా ఫలితం ఎక్కువగా రావచ్చును.